గోడకు నచ్చిన మట్టి మొక్కకు నచ్చదు

రెండు గాజు గొట్టాల్లో పదేసి గ్రాముల ఎండు మట్టి వేస్తారు. మెత్తగా పొడి చేసి, సన్నటి జల్లెడ పట్టిన మట్టి. ఒక గొట్టంలో నీళ్లు, రెండో దానిలో కిరోసిన్ పోసి, గాలి బుడగలు పోయేలా కలియబెట్టి ఒక రోజు కదపకుండా వదిలేస్తారు. మర్నాడు చూస్తే కిరోసిన్‌లోని మట్టి వేసినంతే ఉంటుంది. నీళ్లలోది ఇసుక నేల మట్టి అయితే అదీ అంతే. నల్లరేగడి అయితే మాత్రం రెట్టింపు ఎత్తుకు, ఒక్కోసారి అంతకు మించి ఉబ్బి కూర్చుంటుంది. రెండింటి మధ్య తేడా 50 శాతం లోపు ఉంటే ఇల్లు కట్టేవారికి పెద్దగా భయం లేదు. 100 శాతం దాటితే పునాది గురించి మళ్లీ మొదటి నుంచి ఆలోచించాల్సిందే.

మట్టి మంచిదా చెడ్డదా అని అడిగితే అది సగం ప్రశ్నే. నీళ్లు తగిలితే ఆ మట్టి ఏం చేస్తుందన్నది మిగతా సగం, పెద్ద సగం. ఇల్లు, సెప్టిక్ ట్యాంకు, తోట ఒకే స్థలంలో ఒకే మట్టిని నమ్ముకుని ఉంటాయి. కానీ నీటి విషయంలో మూడూ మూడు రకాల గుణాలు కోరతాయి. పునాదికి తడి మారని నేల కావాలి. ట్యాంకు నుంచి వచ్చే నీటికి ఇంకే నేల కావాలి, అదీ మరీ తొందరపడకుండా. మొక్కకు నీటినీ గాలినీ పక్కపక్కనే దాచుకునే నేల కావాలి. స్థలం చూపించి ‘మంచి నేల’ అంటే, దేనికి మంచిదని ఎదురు ప్రశ్న వేసేవారు తక్కువ.

ఈ తేడాలన్నీ రేణువు దగ్గర మొదలవుతాయి. రెండు మిల్లీమీటర్ల నుంచి 0.05 మిల్లీమీటరు దాకా ఇసుక, అక్కడి నుంచి 0.002 దాకా ఒండ్రు, అంతకంటే సన్ననిది బంక. వ్యవసాయం వారి హద్దులు, ఇంజనీర్ల హద్దులు కాస్త అటూఇటూ అవుతాయి కానీ వరస ఇదే. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి, నీరు దానంతటదే జారిపోతుంది. బంకలో సందులు లెక్కలేనన్ని, కానీ కంటికి ఆననంత సన్నం. మామూలు ఇసుకలో నీరు ఒక్క రోజులో దిగే లోతుకు, పగుళ్లు లేని చిక్కటి బంకమట్టిలో దిగాలంటే వందల ఏళ్లు పడుతుంది.

బంకలోనూ జాతులున్నాయి. కయోలినైట్ అనే ఖనిజంలో పొరలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి, నీరు వాటి మధ్యకు చొరబడలేదు. మాంట్‌మొరిల్లొనైట్‌లో ఆ అతుకు బలహీనం. నీటి అణువులు పొరల మధ్య దూరి వాటిని ఎడం చేస్తాయి. ఒక గ్రాము మాంట్‌మొరిల్లొనైట్‌లోని పొరలన్నీ విప్పి పరిస్తే 800 చదరపు మీటర్ల దాకా వస్తాయి. కయోలినైట్‌కు అది 10, 20కి అటూఇటూ. నల్లరేగడిని ఉబ్బించేది మాంట్‌మొరిల్లొనైటే. కిరోసిన్‌కు ఆ పొరల మధ్యకు దూరే గుణం లేదు కనుకే ఆ గొట్టంలో మట్టి కదలదు. చేతికి జిగటగా అంటుకున్నంత మాత్రాన ప్రతి మట్టీ గోడను పగలగొట్టదన్నమాట.

ముందు పగిలేది ప్రహరీ

ఉబ్బే నేల మీద ఒక విచిత్రం కనిపిస్తుంది. నాలుగంతస్తుల భవనం చెక్కుచెదరకుండా ఉంటుంది, దాని ప్రహరీ గోడ మాత్రం పాములా వంకర్లు తిరుగుతుంది. నేల మోయలేక కుంగుతున్నట్లయితే బరువైన భవనమే ముందు కుంగాలి కదా. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. నేల పైకి తోస్తోంది. బాగా ఉబ్బే బంకమట్టి తోపు చదరపు మీటరుకు 20 టన్నులు దాటడం అరుదేమీ కాదు. ఒంటి అంతస్తు ఇంటి పునాది నేల మీద మోపే బరువు దానిలో సగం కూడా ఉండకపోవచ్చు. బరువు తోపును అణచలేకపోతే గోడ లేస్తుంది. కొత్త చోట స్థలం చూసేటప్పుడు చుట్టుపక్కల ఇళ్ల కంటే వాటి ప్రహరీలను, మెట్లను, గచ్చు దారులను చూడడం మేలు. నేల గుణం ముందుగా బయటపడేది అక్కడే.

లేవడం, దిగడం అంతటా ఒకేలా ఉంటే ఇంటికి హాని లేదు. నీటి మీది ఓడలా లేస్తుంది, దిగుతుంది. తంటా అంతా అసమానంగా కదలడంతోనే. ఇల్లు కట్టాక నడిమి భాగం కింద నేలకు ఎండ తగలదు, తడి అలాగే నిలుస్తుంది. అంచుల కింది మట్టి మాత్రం వేసవిలో ఎండి ముడుచుకుంటుంది, వానకు నాని ఉబ్బుతుంది. నడుమ నిలిచి మూలలు దిగితే గోడ మీద పగుళ్లు పై భాగంలో వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా ఉంటాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే పగులు ఈ కదలికకు గురుతు. గోడ ఎంత వరకు ఓర్చుకుంటుందన్నదానికి కొలత ఉంది. 1956లో స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు ఇంజనీర్లు కుంగిన భవనాలను పోల్చి చూసి, రెండు స్తంభాల మధ్య దూరంలో 300వ వంతు మేర ఒకటి దిగితే గోడలు పగలడం మొదలవుతుందని తేల్చారు. తర్వాత 500వ వంతును భద్రమైన హద్దుగా తీసుకోవడం వాడుకైంది. ఐదు మీటర్ల గదికి అది ఒక్క సెంటీమీటరు. వేసవికీ వానాకాలానికీ మధ్య నల్లరేగడి పైపొర అంతకు కొన్ని రెట్లు కదలగలదు.

పగుళ్లలో సిమెంటు కూరడం వల్ల ఒరిగేదేమీ లేదు. తడి మారే లోతు దాటి పునాదిని దింపాలి. లోతైన నల్లరేగడిలో అది మూడు, మూడున్నర మీటర్లు ఉండొచ్చు. అంత లోతున కందకం తవ్వే బదులు, సన్నటి గొయ్యి తొలిచి, అడుగున గడ్డలా వెడల్పు చేసి కాంక్రీటు నింపుతారు. అండర్‌రీమ్డ్ పైల్ అంటే ఇదే. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ నల్లరేగడి కోసమే దీన్ని తీర్చిదిద్దింది. అడుగు గడ్డ వెడల్పు కాడకు సాధారణంగా రెండున్నర రెట్లు. పైపొర ఉబ్బి పైకి లాగినా ఆ గడ్డ లంగరులా పట్టి ఉంచుతుంది. పైల్స్ మీద వేసే దూలానికీ నేలకూ మధ్య కాస్త ఖాళీ వదలాలి. తీరా చూస్తే ఆ ఖాళీని చెత్త అనుకున్నారో, లోపం అనుకున్నారో, మట్టితో కూరేసి చదును చేసిన కట్టడాలు తక్కువేమీ కాదు. లేవడానికి చోటు దొరకని మట్టి దూలాన్నే లేపుతుంది. పైల్స్ వద్దనుకుంటే ఉబ్బే పొరను తీసేసి, ఉబ్బని మొరం పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టడం మరో దారి. ఏ దారి పట్టినా ఇంటి చుట్టూ మీటరు వెడల్పున, బయటికి వాలుగా గచ్చు చేయడం మరవకూడదు. అంచుల కింద తడి నిలకడగా ఉండేది దానివల్లే.

ఉబ్బని నేలలకు వేరే రోగాలున్నాయి. మెత్తటి బంకమట్టి బరువు పడగానే కుంగదు. తనలోని నీరు పిండుకుపోయేకొద్దీ ఏళ్ల తరబడి కుంగుతుంది. కార్ల్ టెర్జాగీ అనే ఇంజనీరు 1920ల్లో ఈ నిదానానికి లెక్క కట్టాకే, బరువుకు మట్టి ఎలా స్పందిస్తుందో చెప్పే మట్టి యాంత్రిక శాస్త్రం తన కాళ్ల మీద నిలబడింది. ఇటలీలో పక్కకు ఒరిగిన పీసా గోపురాన్ని ఒకరకంగా ఈ నిదానమే కాపాడింది. 1173లో మొదలైన కట్టడం 1178 ప్రాంతంలో ఆగి, దాదాపు వందేళ్లు మొండిగా ఉండిపోయింది. ఆ విరామంలో అడుగు మట్టి నీరు వదిలి గట్టిపడింది. ఆపకుండా కట్టుకుంటూ పోయి ఉంటే అప్పుడే కూలేదని ఇంజనీర్ల అంచనా. 1990లో మూసి 2001లో తెరిచే లోగా చేసిన మరమ్మతులో కూడా గోపురాన్ని ఎవరూ నెట్టలేదు. ఒరగని వైపు పునాది కింద నుంచి కొద్దికొద్దిగా మట్టి తీశారు. వంపు అర డిగ్రీ తగ్గింది.

పాత సరస్సు అడుగు మీద వెలసిన మెక్సికో నగరంలో భూగర్భ జలాన్ని తోడేకొద్దీ బంకమట్టి పిండుకుపోయి, కొన్ని చోట్ల వందేళ్లలో తొమ్మిది మీటర్లకు పైగా నేల దిగింది. అక్కడ 1910లో నెలకొల్పిన స్వాతంత్ర్య స్తంభం పైల్స్ మీద ఉండడంతో నిలిచిపోయింది, చుట్టూ వీధి కిందికి జారింది. స్తంభం దగ్గరికి ఎక్కడానికి తర్వాత 14 మెట్లు అదనంగా కట్టాల్సి వచ్చింది.

పూడ్చిన స్థలం పైకి చదునుగా, ముచ్చటగా ఉంటుంది. ఒకప్పటి చెరువో, బావో, మట్టి తవ్విన గొయ్యో కింద దాగి ఉంటుంది. దిమ్మిస కొట్టకుండా లారీల కొద్దీ కుమ్మరించిన మట్టి తన బరువుకే ఏళ్ల తరబడి దిగుతుంది. చెత్త కలిసి ఉంటే అది కుళ్లేకొద్దీ ఇంకా దిగుతుంది. వాలు నేలను చదును చేస్తే ఎగువ సగం తవ్విన గట్టి నేల, దిగువ సగం పూడ్చిన నేల అవుతాయి. ఇల్లు రెండింటి మీదా కాళ్లు చాపితే పగులు ఎక్కడ వస్తుందో ముందే గీత గీసి చూపించవచ్చు.

ఇసుక నేల ఉబ్బదు, ముడుచుకోదు, ఎంత కుంగాలో అంత వెంటనే కుంగి ఊరుకుంటుంది. పునాదికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. అదే ఇసుక వదులుగా ఉండి, నీటిలో మునిగి ఉన్నప్పుడు భూకంపం వస్తే కాసేపు ద్రవంలా మారిపోతుంది. 1964 జూన్‌లో జపాన్‌లోని నీగాటాలో కొన్ని అపార్ట్‌మెంట్ భవనాలు దాదాపు విరగకుండానే పక్కకు ఒరిగిపోయాయి. అదే నగరంలో భూమిలో పాతిన మురుగునీటి ట్యాంకు ఒకటి మూడు మీటర్లు పైకి తేలింది. బరువైనవి మునిగాయి, డొల్లగా ఉన్నవి తేలాయి.

గుంత నిండకపోవడం శుభమేమీ కాదు

సెప్టిక్ ట్యాంకు తేలడానికి భూకంపమే అక్కర్లేదు. నీటిమట్టం పైకున్న చోట వానాకాలంలో దాన్ని పూర్తిగా ఖాళీ చేయిస్తే పడవలా లేచి, పైపులను విరగ్గొట్టుకుంటుంది. ప్లాస్టిక్, ఫైబర్ ట్యాంకులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. శుభ్రం చేయించే పనిని ఎండాకాలానికి పెట్టుకోమనేదీ, అడుగున కాంక్రీటు పలక వేసి ట్యాంకును దానికి బిగించమనేదీ ఇందుకే.

ట్యాంకు చేసేది సగం పనే. గట్టి పదార్థం అడుగుకు చేరుతుంది, జిడ్డు పైన తేలుతుంది, మధ్యలోని నీరు బయటికి పోతుంది. ఆ నీటిలో రోగకారక క్రిములు దండిగా ఉంటాయి. వాటిని వడగట్టి చంపేది బయటి మట్టి. ట్యాంకు నుంచి వచ్చే నీరు ఇంకడానికి తవ్వే కందకం అడుగుకూ భూగర్భ నీటిమట్టానికీ మధ్య గాలి ఆడే మట్టి 60 సెంటీమీటర్ల నుంచి 1.2 మీటర్ల దాకా ఉండాలని చాలా చోట్ల నిబంధనలు కోరుతాయి. రేణువుల చుట్టూ పలచటి పొరగా జారుతూ దిగితేనే నీటికి శుద్ధి అయ్యే వ్యవధి దొరుకుతుంది.

ఇసుక నేలలో ట్యాంకు నీరు వదిలే గుంత ఎన్నేళ్లయినా నిండదు. యజమానికి అది గొప్పగా తోస్తుంది. నిజానికి ఆ నీరు శుద్ధి కాకుండానే జారిపోతోంది, పక్క బావి దాన్ని అందుకుంటోంది. ఫాస్ఫేటును బంకలోని ఇనుము, అల్యూమినియం పట్టి ఉంచుతాయి. ఇసుకలో వాటి పాలు తక్కువ. నైట్రేటును దాదాపు ఏ మట్టీ పట్టి ఉంచదు. తాగే నీటిలో లీటరుకు 50 మిల్లీగ్రాముల నైట్రేటు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు ముఖ్యంగా పసిపిల్లలను దృష్టిలో పెట్టుకున్నది. బావికీ ఇంకుడు కందకానికీ మధ్య 15 నుంచి 30 మీటర్ల ఎడం ఉండాలని రకరకాల దేశాల నియమాలు చెబుతాయి. సున్నపురాయి పొరల్లో పగుళ్లు, బొరియలు ఉన్న చోట ఆ ఎడం కూడా సరిపోదు. నీరు అక్కడ ఇంకదు, పారుతుంది.

బంకమట్టి కష్టం దీనికి ఎదురు. నీరు దిగదు, పైకి ఉబికి వస్తుంది. దిగుతుందో లేదో తేల్చడానికి గొయ్యి తవ్వి, అడుగున కాస్త గులకరాయి పరిచి, నీళ్లు పోసి, మట్టం 25 మిల్లీమీటర్లు తగ్గడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూస్తారు. 1920ల్లో న్యూయార్క్ రాష్ట్రంలో హెన్రీ రయాన్ అనే ఇంజనీరు వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. నిమిషం లోపే తగ్గితే మరీ తొందర, గంట దాటితే మరీ నిదానం. అసలు కిటుకు లెక్కకు ముందే ఉంది. గొయ్యిని ఒక రాత్రంతా నానబెట్టాలి. ఎండాకాలంలో నోరు తెరిచిన నల్లరేగడిలో బిందె నీళ్లు పోస్తే క్షణాల్లో మాయమవుతాయి. అవి మట్టిలోకి పోలేదు, పగుళ్లలోకి పోయాయి. నాని పగుళ్లు మూసుకున్నాక అదే గొయ్యిలో నీరు మర్నాటికీ నిలిచి ఉంటుంది. నానబెట్టకుండా చేసిన పరీక్షలో పాసైన కందకం మొదటి వానకే ఫెయిలవుతుంది.

తవ్వే వేళ కూడా లెక్కలోకి వస్తుంది. తడి బంకమట్టిని యంత్రం బకెట్‌తో కోస్తే గోడలు అద్దంలా నున్నబడతాయి, ఉన్న కాసిని సందులూ పూడిపోతాయి. గోడలను మళ్లీ గీరి గరుకు చేయకపోతే కందకం తొట్టె అవుతుంది. కాలం గడిచేకొద్దీ అడుగున నల్లటి జిగట పొర ఒకటి పేరుకుంటుంది. అది పూర్తిగా చెడ్డది కాదు, నీటిని నెమ్మదింపజేసి శుద్ధికి సాయపడుతుంది. ట్యాంకును ఏళ్ల తరబడి శుభ్రం చేయించకపోతే జిడ్డు కందకంలోకి చేరి ఆ పొర దళసరెక్కుతుంది, అప్పుడు నీరు వెనక్కి తంతుంది.

వానాకాలంలో నీటిమట్టం ఎంత పైకి వస్తుందో ఎండాకాలంలో చూసి చెప్పొచ్చా? చెప్పొచ్చు. గొయ్యి గోడను చాకుతో చెక్కి చూడాలి. ఎర్రగా, గోధుమరంగుగా ఉన్న మేర గాలి ఆడుతోంది, ఇనుము తుప్పు రూపంలో ఉంది. బూడిదరంగు మట్టిలో తుప్పు మచ్చలు కనిపించడం మొదలైన చోట ఏటా కొన్నాళ్లు నీరు నిలుస్తోంది. ఆ మచ్చల గీతకు ఎండలతో పని లేదు. స్థలం కొనే ముందు ఇంతకంటే నమ్మదగిన సాక్షి దొరకదు.

గులకరాళ్ల పొర

కుండీ అడుగున, మొక్క గుంత అడుగున గులకరాళ్లు వేస్తే నీరు బాగా పోతుందన్నది చాలా మంది తోటపనివారి నమ్మకం. జరిగేది వేరు. సన్నటి మట్టి సందుల్లోని నీరు కింద ఉన్న పెద్ద సందుల్లోకి వెంటనే దిగదు. పై మట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యాకే చుక్క కిందికి రాలుతుంది. అంటే ఆ పొర వేళ్ల దగ్గరే బురద నిలబెడుతుంది. చిత్రమేమిటంటే ఇదే సూత్రం గచ్చు కింద వరమవుతుంది. ఒండ్రు నేలలో మీటరుకు పైగా, బంకలో ఇంకా పైకి నీరు వత్తిలో నూనెలా పాకుతుంది. గచ్చు కింద గులకరాళ్ల పొర వేస్తే ఆ పాకుడు అక్కడితో తెగిపోతుంది, గచ్చుకు చెమ్మ ఎక్కదు.

పునాదికీ తోటకూ వైరం ఇక్కడితో ఆగదు. పునాది కింద మట్టి ఎంత బిగిస్తే అంత మంచిది. మొక్కకు మట్టిలో సగం దాకా ఖాళీయే ఉండాలి, ఆ ఖాళీలో కొంత నీరు, కొంత గాలి. బంకమట్టి ఘన సెంటీమీటరుకు 1.47 గ్రాములు, ఇసుక నేల 1.8 గ్రాములు దాటి బిగుసుకుంటే వేళ్లు దిగడం కష్టం. ఇల్లు కడుతున్నంత కాలం లారీలు తిరిగిన నేల ఆ హద్దు దగ్గరికి చేరుతుంది, అందులోనూ ఎక్కువ నష్టం మొదటి ఒకటి రెండు సార్లు తిరిగినప్పుడే జరిగిపోతుంది. దానికి తోడు పునాది గోతుల్లోంచి తీసిన జీవం లేని అడుగు మట్టిని పైన పరిచేస్తారు, గోడల వెంట సున్నం, సిమెంటు ముక్కలు పూడ్చేస్తారు. ఆ సున్నానికి క్షారత పెరిగి మొక్కకు ఇనుము అందదు. ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కుతుంది. యజమాని ఎరువు వేస్తూనే ఉంటాడు.

బంకమట్టిని వదులు చేయడానికి ఇసుక కలపడం మరో పొరపాటు. కొద్దిపాటి ఇసుక కలిస్తే బంక ఆ రేణువుల సందుల్ని పూడ్చి ఇంకా గట్టిపడుతుంది. సగానికి పైగా ఇసుకే అయితే తప్ప గుణం మారదు, అంత మోయడం ఎవరి తరం? పశువుల ఎరువు, ఆకు ఎరువు, పచ్చిరొట్ట ఏటా వేస్తూ పోవడమే నిలిచే వైద్యం, ఇసుక నేలకైనా బంక నేలకైనా. చౌడులో మాత్రం రోగం గుర్తించి మందు వేయాలి. పాలచౌడులో ఉప్పు ఎక్కువ, మంచి నీటితో కడిగితే దిగుతుంది. కారుచౌడులో సోడియం బంకను చెదరగొట్టి నీరు ఇంకకుండా చేస్తుంది. అక్కడ జిప్సం వేస్తే దానిలోని కాల్షియం సోడియం చోటు లాక్కుంటుంది. సోడియం లేని మామూలు బంకలో జిప్సం వేస్తే ఒరిగేది తక్కువ. అదే జిప్సం జాతి సల్ఫేట్లు నేలలో ఎక్కువగా ఉంటే పునాది కాంక్రీటును తింటాయి, అక్కడ సల్ఫేటును తట్టుకునే సిమెంటు వాడాలి.

‘మట్టి పరీక్ష చేయించాం’ అనే మాట వెనక కూడా తిరకాసు ఉంది. భూసార పరీక్ష పోషకాలు, ఉదజని సూచిక చెబుతుంది, ఇంజనీరు పరీక్ష మోసే శక్తి చెబుతుంది, ఇంకుడు పరీక్ష నిమిషాలు చెబుతుంది. ఒకరి కాగితం ఇంకొకరు చదవరు. నిజానికి వీటి పుట్టుకలో ఇంత దూరం లేదు. తడి మట్టిని 3 మిల్లీమీటర్ల పురికొసలా చుట్టి, ఏ తడి దగ్గర తెగుతుందో చూసే పరీక్ష ఇప్పుడు పునాదుల వారి సొంతం. దాని మూలం 1911లో స్వీడన్‌కు చెందిన ఆల్బర్ట్ అటర్‌బర్గ్ చేసిన పని. ఆయన వ్యవసాయ నేలలను పరిశీలించిన రసాయన శాస్త్రవేత్త.

స్థలంలో పనులు మొదలయ్యే నాటికే ఇల్లు, ట్యాంకు, తోట మూడింటి చోట్లూ గుర్తు పెట్టుకుంటే చాలా చిక్కులు తప్పుతాయి. పైపొర మట్టిని ముందే గీకి ఓ పక్క కుప్ప పోయాలి. ఇంకుడు కందకం వచ్చే చోటును తాడు కట్టి లారీలకు మూసేయాలి. రోజూ నీళ్లు పోసే పూల మడిని ఉబ్బే నేల మీది గోడకు ఆనించి పెట్టకూడదు, ఆ మూల ఒక్కటే లేస్తుంది. ఇంకుడు గుంత పునాదికి దగ్గరగా ఉన్నా అంతే. కందకం మీద గడ్డి ఉండొచ్చు, చెట్టు ఉండకూడదు, వేళ్లు పైపుల్లోకి పోతాయి.

చెట్టు, గోడ సంబంధం మరింత చిక్కైనది. బంక నేలలో పెద్ద చెట్టు వేసవిలో ఇంటి కింది తడిని పీల్చేస్తుంది, ఆ వైపు గోడ దిగుతుంది. ఇంగ్లండ్‌లో 1976 నాటి కరవు తర్వాత ఇలా పగిలిన ఇళ్ల సంగతి పెద్ద చర్చ అయింది. అలాగని చెట్టును నరికేస్తే పగుళ్లు పూడతాయా? ఇల్లు కట్టేనాటికే ఆ చెట్టు పాతదైతే, ఇన్నేళ్లుగా ఎండి ఉన్న మట్టి ఇప్పుడు తడి పుంజుకుని ఉబ్బడం మొదలుపెడుతుంది, అది కొన్నేళ్ల పాటు సాగవచ్చు. గొడ్డలి తీసే ముందు పగులు కొసన పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాసి, వెడల్పు కొలిచి, కనీసం ఒక వానాకాలం, ఒక వేసవి గడిచేదాకా నెలనెలా చూడాలి. వానలకు మూసుకుని వేసవికి తెరుచుకునే పగులు మట్టి ముడుచుకోవడం వల్ల వచ్చింది. కాలాలతో నిమిత్తం లేకుండా ఒకే దిక్కుకు పెరిగే పగులుకు కారణం పూడిక కావచ్చు, పగిలిన పైపు కావచ్చు. దానికి ఆ చెట్టుతో ఏ సంబంధమూ ఉండకపోవచ్చు.